వన్స్‌మోర్ ఎవరి సొత్తు?

(తిరుపతిలో విద్యార్థులు, ఉద్యోగులు ఏర్పాటు చేసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పద్యనాటకం గురించి మాట్లాడమంటే చాలామంది సంతాపసభ గొంతు పెడతారు. పోయినాయన మంచోడు, ఆయన రోజుల్లో అట్లా ఉండేది, ఇట్లా ఉండేది అని. మేము ఆ గొంతు పెట్టదలచుకోలేదు. పద్యనాటకం పోలేదు. మళ్ళీ వేస్తున్నారు. నంది నాటకోత్సవాల్లో దానికి వేరే విభాగమే ఉంది, 2023 డిసెంబరులో గుంటూరులో జరిగిన పోటీల్లో కూడా ఆడారు. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం జయంతి వస్తే నాటకరంగ దినోత్సవం పేరుతో ఊరూరా ఏదో ఒక రాయబారమో, కాటిసీనో స్టేజీ ఎక్కుతుంది. మన తిరుపతిలోనూ ఎక్కుతోంది. హాలు నిండకపోయినా సగం దాకా జనం వస్తున్నారు.

ఆడేవాళ్ళ గురించి పేపర్లలో నాలుగు ముక్కలన్నా వస్తాయి. చూసేవాళ్ళ గురించి ఎవరూ రాయరు. మేము కొందరం, విలేఖరులం, గుమాస్తాలం, యూనివర్సిటీ పిల్లలం, కొన్నేళ్ళుగా తిరుపతి హాళ్ళకూ చిత్తూరు పల్లెల్లో భారతాలకూ పోతున్నాం. స్టేజీని ఎంత చూశామో కుర్చీలను అంత చూశాం. ఈ రోజు కుర్చీల గురించే చెబుతాం.

హాల్లో మొదటి మూడు వరసలు అతిథులవి. వాళ్ళు దీపం వెలిగించి, శాలువా కప్పించుకుని, రెండో పద్యానికి లేచిపోతారు. అసలు ప్రేక్షకుడు ఆ వెనక ఉంటాడు. అరవై దాటిన మనిషి. రిటైరయిన టీచరో, కో-ఆపరేటివ్ బ్యాంకు గుమాస్తానో, పుత్తూరు నుంచి బస్సులో వచ్చిన రైతో. ఆయనకు కథ తెలుసు, పద్యం తెలుసు. కృష్ణుడు ఏ పద్యం తర్వాత ఏ పద్యం ఎత్తుకోవాలో కూడా తెలుసు. నటుడు నోరు తెరవకముందే ఆయన పెదాలు కదులుతుంటాయి. మరి తెలిసినదాన్ని వినడానికి ఎందుకొచ్చాడు? ఈ నటుడు ఆ రాగాన్ని ఎక్కడిదాకా తీసుకుపోతాడు, ఎక్కడ వదులుతాడు, హార్మోనియం పెట్టె ఆయనను పట్టుకుంటుందా, వెనకబడుతుందా - అది తేల్చుకోవడానికి వచ్చాడు. పీసపాటిని విన్న చెవి అది. షణ్ముఖి ఆంజనేయరాజును, డి.వి. సుబ్బారావు కాటిసీనును, పద్యాన్ని ఈలలో కూడా పలికించిన రఘురామయ్యను విన్న చెవి. వాళ్ళను ఎదురుగా చూడనివాళ్ళు క్యాసెట్లలో విన్నారు. క్యాసెట్లు లేని ఇంట్లో ఘంటసాల గొంతులో సినిమా పద్యాలు విన్నారు.

ఇట్లాంటి మనిషి ముందు నాటకం మొదలుపెట్టే ముందు మైకులో ఒక ప్రకటన వస్తుంది. సమయం తక్కువ, దయచేసి వన్స్‌మోర్ అడగొద్దు.

ఆ ప్రకటన విన్న పెద్దాయన మొహం మీరు చూడాలి. పెళ్ళికి పిలిచి, భోజనం మాత్రం అడగొద్దు అన్నట్టు ఉంటుంది ఆయనకు.

నిర్వాహకుల బాధ మాకు తెలియనిది కాదు. పోటీ నాటకానికి గడియారం ఉంటుంది. నిమిషాలు దాటితే మార్కులు పోతాయి. హాలు అద్దె గంటల లెక్కన పెరుగుతుంది. రాత్రంతా ఆడే నాటకాన్ని ఇంత చిన్న గిన్నెలో పట్టించాలంటే ఏదో ఒకటి పారబోయక తప్పదు. కానీ వాళ్ళు పారబోసింది ప్రేక్షకుడి వాటా. ఇంకో అన్యాయం కూడా జరుగుతోంది. కొన్నిచోట్ల పద్యాలు ముందే రికార్డు చేసుకొస్తున్నారు. స్టేజీ మీద పెదాలాడిస్తారు, వెనక నుంచి ట్రాకు పాడుతుంది. రికార్డు నడుస్తుంటే వన్స్‌మోర్ ఎవర్ని అడగాలి? మీట నొక్కేవాడినా?

'వన్స్‌మోర్' ఇంగ్లీషు మాటే. కానీ అది మన పల్లెల్లో తెలుగు మాటకన్నా తెలుగు మాటగా బతికింది. ఆ మాట వెనక పెద్ద చరిత్ర ఉంది, అందులో మన సీమ వాటా పెద్దది. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక కంపెనీ వాళ్ళు తెలుగు ఊళ్ళలో తిరిగి హిందీ నాటకాలు ఆడిపోయారు. ఆ ఊపు మీదే రాజమండ్రిలో వీరేశలింగం 1880లో తెలుగు నాటకం ఆడించాడు. మరి నాటకానికి పాటా పద్యమూ రాగమూ బలంగా కూర్చి జనాన్ని ఊపింది ఎవరు? మన ధర్మవరంలో పుట్టి, బళ్ళారిలో వకీలుగా స్థిరపడిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు. 1886లో బళ్ళారిలో సరస వినోదిని సభ పెట్టాడు, ఆ మరుసటేడే చిత్రనళీయం ఆడించాడు. ఆంధ్ర నాటక పితామహుడు అన్న బిరుదు ఊరికే రాలేదు. ఆ బళ్ళారి 1953లో మైసూరుకు పోయింది. పితామహుడి ఊరు పోయాక ఆయన పేరును నాటకం పుస్తకాల్లో దీపం పెట్టి వెతుక్కోవాల్సి వస్తోంది. ఆ సంగతి ఇంకో రోజు మాట్లాడుకుందాం.

అదే బళ్ళారిలో, తాడిపత్రిలో పుట్టిన రాఘవాచార్యులు, మన బళ్ళారి రాఘవ, ఈ రాగాల గోలకు ఎదురు నిలిచాడు. నటుడు అభినయించాలి, గొంతు చించుకోవడం నటన అనిపించుకోదన్నాడు. అంటే ఈ తగాదా కొత్తది కాదు. జనం రాగం అడుగుతారు, మంచి నటుడు రాగాన్ని తగ్గించమంటాడు. నూరేళ్ళకు పైగా నలుగుతోంది.

మన దగ్గరే అనుకోకండి. ఇటలీలో మిలాన్ నగరంలో లా స్కాలా అని పెద్ద సంగీత నాటకశాల ఉంది. అక్కడ కూడా జనం వన్స్‌మోర్ అడిగేవాళ్ళు. టోస్కానినీ అనే సంగీత దర్శకుడు వద్దని కట్టడి చేశాడు. 1933 తర్వాత అక్కడ ఒక్క గాయకుడు కూడా నాటకం మధ్యలో పాట తిరిగి పాడలేదు. 2007లో పెరూ దేశపు గాయకుడు హువాన్ దియేగో ఫ్లోరెస్ పాడితే జనం ఆగలేదు, కరతాళాలతో హాలు మోగించారు. ఆయన ఆ పాట మళ్ళీ పాడాడు. డెబ్బై నాలుగేళ్ళ కట్టుబాటు ఒక్క రాత్రిలో పోయింది, ప్రపంచమంతా పేపర్లలో వేసుకున్నారు. మన రైతు సాయంత్రం టికెట్టు కొని అడిగితే మాత్రం అది మోటుదనం!

అయితే ప్రేక్షకుడిని నెత్తిన పెట్టుకుని ఊరేగడానికి కూడా మేము రాలేదు. జనం అడిగింది ఇచ్చుకుంటూ పోయి నాటకాన్ని జనమే పాడుచేసిన సందర్భాలు ఉన్నాయి. కాంట్రాక్టు నాటకాల కాలంలో ఒకే రాత్రి, ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు దిగేవాళ్ళు. పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. వన్స్‌మోర్లు ఎవరికి ఎక్కువ వస్తే వాడు గెలిచినట్టు. అర్జునుడు పాపం చేతులు కట్టుకుని నిలబడి ఇద్దరి రాగాలూ వినాలి. అది పందెం, దాన్ని నాటకం అనలేం.

చింతామణి సంగతి అంతకన్నా ఘోరం. కాళ్ళకూరి నారాయణరావు దాన్ని వేశ్యావ్యసనం మాన్పించడానికి రాశాడు. సంస్కరణ నాటకం. తర్వాత తర్వాత ఏమయింది? సుబ్బిశెట్టి వచ్చేసరికి ఈలలు. ఈల పడితే నటుడు ఇంకో మాట కలుపుతాడు. ఆ మాటకు ఇంకా పెద్ద ఈల. రచయిత రాయని బూతులు నాటకంలో సగం ఆక్రమించాయి. చింతామణి వేషం కట్టిన ఆడమనిషి స్టేజీ దిగాక కూడా ఆ ఈలలు ఆమె వెంట నడిచాయి. చివరికి ఆర్యవైశ్య సంఘాలు తమ కులాన్ని కించపరుస్తోందని గట్టిగా అడిగితే 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం నాటకం మొత్తాన్నే నిషేధించింది. వ్యవహారం హైకోర్టుకెక్కింది. నిషేధం తప్పని మేము అప్పుడూ అన్నాం, ఇప్పుడూ అంటున్నాం. బూతు కలిపినవాడి మీద కేసు పెట్టొచ్చు, కాళ్ళకూరి మీద కాదు. ఆ నాటకం మీద బతికే కుటుంబాల అన్నం కుండ ఏమయిందని కలం పట్టినవాళ్ళు పట్టించుకోలేదు. కానీ ఈలలు వేసినవాళ్ళకు ఆ నిషేధంలో వాటా లేదా? ఉంది. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో ఎంతమందికి ఉందో మేము అడగం.

జనం చేసిన మంచి కూడా చెప్పాలి. సత్య హరిశ్చంద్ర బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన నాటకం. కాటిసీనులో జనం కళ్ళనీళ్ళతో వినే పద్యాల్లో కొన్ని బలిజేపల్లివి కావు, గుర్రం జాషువావి. ఆయన శ్మశానం మీద రాసుకున్న పద్యాలను నటులు నాటకంలోకి తెచ్చుకున్నారు. జనం ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమేంటి, అవి లేకపోతే ఊరుకోని స్థితి వచ్చింది. ఊళ్ళో గుడి మెట్టు ఎక్కనివ్వని కులంలో పుట్టిన కవి పద్యానికి అదే ఊళ్ళో అగ్రహారం వాళ్ళూ వన్స్‌మోర్ కొట్టారు. ఏ అకాడమీ తీర్మానం చేసింది దీన్ని? జనం చెవి చేసింది.

ఇప్పుడు మన పిల్లల సంగతి. పద్యనాటకానికి కుర్రవాళ్ళు రారు అంటారు. వస్తున్నారు. మేము పక్కన కూర్చుని చూశాం. మొదట సెల్‌ఫోను తీస్తారు. రాగం సాగుతుంటే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు. ఆ నవ్వుకు వెనక వరస పెద్దాయన గుర్రుమంటాడు. అక్కడితో ఇద్దరికీ చెడిపోతుంది. కానీ రాయబారం సీను వచ్చేసరికి ఆ ఫోను కిందికి దిగుతుంది. పద్యం పూర్తిగా అర్థం కాకపోయినా అడుగుతున్నదేందో అర్థమవుతుంది. రాజ్యంలో సగం భాగం ఇయ్యి. ఇయ్యలేవా, ఐదూళ్ళన్నా ఇయ్యి. దుర్యోధనుడు సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనంటాడు. అక్కడ మన కుర్రవాళ్ళు ఈల వేస్తారు. అది సుబ్బిశెట్టికి వేసే ఈల లాంటిది కాదు. 1937 శ్రీబాగ్ ఒడంబడిక గురించి చదువుకున్న పిల్లవాడికి, ఒప్పందం రాసుకుని కూడా ఎట్లా ఎగ్గొడతారో తెలిసిన పిల్లవాడికి ఆ ఐదూళ్ళ అడుగు ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుంది. పద్యం రాసిన తిరుపతి వేంకట కవులు దీన్ని ఊహించి ఉండరు. (మన పిల్లల్లో కొందరు వాళ్ళను మన తిరుపతి కవులే అనుకుంటారు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ఇద్దరూ గోదావరి జిల్లాల వాళ్ళు. మన ఊరి పేరు ఆయన పేరులో ఉంది, అంతే.)

మరి హాల్లో ఒకరి పక్కన ఒకరు కూర్చున్న ఈ పెద్దాయన, ఈ కుర్రవాడు మాట్లాడుకోవడం లేదు. ఒకడికి రాగం కావాలి, ఒకడికి మాట కావాలి. రెండూ ఉన్నదే పద్యం. ఆ పెద్దాయన ఒక్క పద్యానికి అర్థం చెబితే కుర్రవాడు నవ్వడు. కుర్రవాడు నవ్వకపోతే పెద్దాయన గుర్రుమనడు. ఇది చెప్పుకోవడానికి చిన్న సంగతే గానీ, నాటకం మళ్ళీ నిలబడుతుందా లేదా అన్నది ఆ రెండు కుర్చీల మధ్యనే తేలుతుంది.

తిరుపతి హాలు వదిలి చిత్తూరు దిక్కు పోదాం రండి. ఇక్కడ మన దగ్గర ఉన్న సొత్తు కోస్తా వాళ్ళ నాటకాల దగ్గర లేదు. వేసవి వచ్చిందంటే చిత్తూరు, పుత్తూరు, పలమనేరు చుట్టుపక్కల ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర, ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతం పెడతారు. పద్దెనిమిది రోజులు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే. పగలు హరికథ, రాత్రి నాటకం. కొయ్య కిరీటాలు, భుజకీర్తులు, మద్దెల, తాళం, హార్మోనియం. తెల్లవారే దాకా ఆట. ఒక్కోచోట తెలుగు, ఒక్కోచోట అరవం, ఒకే రాత్రిలో రెండూ కలిసినా ఎవరికీ పట్టింపు లేదు. ఉత్తర ఆర్కాటు నుంచీ కడప నుంచీ ముక్కలు తెచ్చి 1911లో కట్టిన జిల్లా కదా మనది, నాలుక రెండు వైపులా తిరుగుతుంది.

అక్కడ ప్రేక్షకుడు ఏం చేస్తాడో చూడండి. అర్జునుడి వేషగాడు పాశుపతం కోసం తపసుమాను ఎక్కుతాడు. తాటిచెట్టంత ఎత్తు. ఎక్కుతూ ఒక్కో మెట్టుకు ఒక్కో పాట. కింద పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి అతను నిమ్మకాయలు, విభూది విసిరితే కొంగు పట్టుకుంటారు. వాడు నిన్న మన పక్క చేనులో కూలికి వచ్చినవాడే. ఆ పూట మాత్రం అర్జునుడు. చివరి రోజు దుర్యోధన వధ. మైదానంలో మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడు పడుకుని ఉంటాడు. భీముడు తొడ పగలగొడతాడు, ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది, ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని దుర్యోధనుణ్ణి కొడతారు. సాయంత్రం నిప్పులగుండం. అక్కడ వన్స్‌మోర్ అని ఎవరూ అరవరు. అరవాల్సిన పని లేదు. ప్రేక్షకుడు నాటకం లోపలే ఉన్నాడు.

అభిమానం అంటే ఇది. హాల్లో పెద్దాయన వన్స్‌మోర్ అడిగేది ఈ అలవాటుతోనే. ఆయన పుట్టింది ఆ మైదానంలో. నాకూ ఇందులో వాటా ఉంది అంటున్నాడు. ఆయనను నోరు మూసుకుని కూర్చోమనడం పద్యనాటకాన్ని బతికించడం ఎట్లా అవుతుంది?

చిత్తూరుకు ఇంకో గొప్ప ఉంది. ఎక్కడో రేపల్లెలో 1904లో పుట్టిన నాగయ్యను చిత్తూరు నాగయ్యగా చేసింది ఈ ఊరి రామవిలాస సభ స్టేజీ. మీలాగా గుమాస్తాగిరీ, మాలాగా పత్రికల పనీ చేసినవాడు. సాయంత్రం వేషం కట్టేవాడు. ఆయన గొంతును ముందు ఒప్పుకున్నది మద్రాసు స్టూడియోలు కావు, చిత్తూరు జనం. తర్వాత త్యాగయ్య, వేమన, పద్మశ్రీ అన్నీ వచ్చాయి. ఇంటిపేరు మాదిరి ఊరి పేరు ఆయనకు అంటుకుంది. నాటకం చూసే జనానికి ఒక మనిషిని తయారుచేసే శక్తి ఉంటుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

సురభి సంగతి కూడా అంతే. 1885లో కడప జిల్లా సురభి ఊళ్ళో వనారస గోవిందరావు వాళ్ళు కీచకవధ ఆడారు. ఊరి పేరే వాళ్ళ పేరయింది. ఇప్పుడు వాళ్ళ కాలనీ హైదరాబాదులో ఉంది, 2013లో మాయాబజార్ ఫ్రాన్సు దాకా పోయొచ్చింది. సంతోషం. సురభి ఊళ్ళో మాత్రం ఆ ఆట చూడాలంటే ఎవరో ఒకరు పూనుకోవాలి. పోయినవాళ్ళను మేము తప్పు పట్టడం లేదు. చూసే జనాన్ని నిలబెట్టుకునే ఏర్పాటు సీమలో ఎవరూ చేయలేదు, అంతే.

మీరు ఉద్యోగులు, విద్యార్థులు ఉన్నారు కాబట్టి నిక్కచ్చిగా అడుగుతున్నాం. ప్రభుత్వం నంది ఇస్తుంది, ఇవ్వనీ. ఆ బంగారు బొమ్మ హార్మోనియం వాయించేవాడి ఇంటి బాడుగ కట్టదు. మీ అసోసియేషన్ వార్షికోత్సవాలకు ఆర్కెస్ట్రాను పిలుస్తారు. ఒక్క ఏడు ఆ డబ్బుతో భారతం ఆడే మేళాన్ని పిలవండి. పిలిచినప్పుడు గంటలో ముగించమనకండి. రాత్రి పది నుంచి తెల్లవారే దాకా మైదానం ఇవ్వండి. ట్రాకు పెడతామంటే వద్దనండి. పెట్టె వాయించేవాణ్ణి, మద్దెల వాణ్ణి పేరు పెట్టి పిలిచి, కవరు అందరి ముందర చేతికివ్వండి. ఆడవేషం ఆడమనిషే కడితే, నోరు జారే ఈల మీ వరసలో నుంచి రాకుండా చూసుకోండి.

విద్యార్థి మిత్రులకు ఇంకో పని. మీ తాతకో, మీ వీధిలో ముసలాయనకో ఎన్ని పద్యాలు నోటికి వస్తాయో అడగండి. మీ చేతిలో ఫోను ఉంది కదా, రికార్డు చేయండి. ఏ ఊళ్ళో, ఏ నాటకంలో, ఎవరు పాడగా విన్నాడో కూడా అడిగి రాసుకోండి. మన చిత్తూరు, తిరుపతి ఊళ్ళలో ఎవరు ఆడారు, ఎవరు పెట్టె వాయించారు, ఏ సీనుకు ఎన్ని వన్స్‌మోర్లు పడ్డాయి అన్నది ఏ లైబ్రరీలోనూ దొరకదు. ఆ ముసలివాళ్ళ బుర్రల్లో ఉంది. రాసి తెచ్చినవి తెచ్చినట్టు ఈ పత్రికలో వేస్తాం, పేజీ ఉంచాం. ఈ వేసవిలో భారతం ఎక్కడెక్కడ పెడుతున్నారో తెలిసినవాళ్ళు సభ అయ్యాక మాకు ఊళ్ళ పేర్లు రాసివ్వండి. రాత్రి ఆటకు ఆ పల్లెలకు బస్సులుండవు. నలుగురు కలిసి జీపు మాట్లాడుకుని పోదాం.